నేనే తోల్కపోత

జూన్ మొదటి వాన పడింది. వేరే ఊళ్ళలో వాన పడితే మట్టి వాసన వస్తుందంటారు. ఇస్నాపూర్ చౌరస్తాలో మాత్రం ముందు మందుల ఫ్యాక్టరీల వాసన లేస్తుంది. మట్టి తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ వాసన పీలుస్తూ, తన మెకానిక్ షెడ్డు రేకుల కింద నిలబడి చాయ్ తాగుతున్న లింగానికి బొంబాయి రోడ్డు మీద ఒక ఊరేగింపు కనబడింది.

ముందు ఒక ట్రాక్టర్. దాన్ని నడుపుతున్నది తలకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి. ట్రాక్టర్ వెనక మోకు, మోకు చివర ముక్కూ మూతీ లేని గుండ్రటి మొహంతో ఒక పాత వ్యాను. అందులో స్టీరింగును రెండు చేతులా కావలించుకొని, కళ్ళు సగం మూసుకొని ఒక పెద్దాయన.

"నాయినా, బ్రేక్ తొక్కు! బ్రేక్!" అమ్మాయి వెనక్కి తిరిగి అరిచింది.

"ఏది బిడ్డా?"

"నడిమిది!"

పెద్దాయన కాలికి అందినవన్నీ తొక్కాడు. వ్యాను వచ్చి షెడ్డు ముందున్న బెంచీని మెత్తగా తాకి ఆగింది. బెంచీ వచ్చి లింగం మోకాలికి తగిలింది. చాయ్ మొత్తం చొక్కా మీద పడింది.

అమ్మాయి ట్రాక్టర్ దిగి, ఆ చొక్కా వైపు చూసి, నవ్వు ఆపుకొంటూ అడిగింది. "మెకానిక్ ఉన్నడా?"

"ఉన్నడు. ఇప్పుడే కాలిండు," అన్నాడు లింగం.

కాలినా పని పనే కదా. వ్యాను ముందుకు వెళ్ళి బానెట్ తెరుద్దామని తడిమాడు. బానెట్ లేదు. ఇంకోసారి తడిమాడు. అప్పుడూ లేదు.

"ఇంజన్ ఏడుంది మేడమ్?"

"మెకానిక్కువు నువ్వా, నేనా?"

ఇంజను వెనక ఉంది. లింగం దాని మీదికి వంగి పావుగంట చూసి, చాలా బాధగా తల పైకెత్తాడు. "రేడియేటర్ ఎవడో పీక్కపోయిండు మేడమ్."

"దీనికి రేడియేటర్ ఉండది. గాలికే సల్లబడ్తది, ఉస్తాద్."

ఆ 'ఉస్తాద్' అన్న మాటలో గౌరవం పావు వంతు, వెక్కిరింత ముప్పావు. పదేళ్ళుగా ట్యాంకర్లూ లారీలూ విప్పి బిగించిన లింగానికి అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. అంత బాగనిపించడం కూడా ఎప్పుడూ జరగలేదు.

ఆమె పేరు ముత్యమ్మ. పేరు నాయనమ్మది, వయసు మాత్రం ఇరవై ఐదు. జిన్నారం ఎల్లయ్య పటేలుకు ఒక్కతే కూతురు. పటాన్‌చెరు దగ్గర పంటల పరిశోధన కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంటు. అక్కడ పనిచేసిన మార్తా మేడమ్ అనే జర్మనీ ఆవిడ రిటైరై వెళ్ళిపోతూ, తాను ఒంటరిగా దేశాలు తిరిగిన ఈ వ్యానును ముత్యమ్మ పేరు మీద రాసిచ్చింది. అందులో మడత మంచం ఉంది, చిన్న పొయ్యి ఉంది, కిటికీలకు పరదాలున్నాయి. రెండేళ్ళు కదలక నిలబడినందువల్ల ఎలుకల కుటుంబం కూడా ఉంది.

"బాగైనంక యాడికి తోలుతరు మేడమ్? ఆఫీసుకా?"

"నేపాల్‌కు."

"నర్సాపూర్‌కా?"

"నే...పాల్. ఫారిన్."

"నేపాల్ ఫారిన్ ఎట్లైతది? మా దిక్కు ఫ్యాక్టరీ గేటు కాడి గూర్ఖా ఆడికెల్లి బస్సులనే వచ్చిండు."

"బార్డర్ దాటితే ఫారినే. పాస్‌పోర్ట్ అడగరు గనుక నాకు అందే ఫారిన్ గదొక్కటే."

"ఎంతమంది పోతున్నరు?"

"ఒక్కదాన్నే."

లింగం ఎల్లయ్య వైపు చూశాడు.

"నన్ను జూడకు," అన్నాడు ఎల్లయ్య మోకు విప్పుతూ. "బండి బాగైతే జూద్దామన్న. నీ షెడ్డు జూసినంక నాకు ధైర్యమొచ్చింది. ఇది బాగయ్యేది లేదు."

*

ఆదివారాలు మొదలయ్యాయి. లింగం ఒక షరతు పెట్టాడు. వ్యాను బాగు చేయడం సగం తన పని, సగం ఆమె పని. దారిలో ఆగిపోతే ఉస్తాద్ రాడు కాబట్టి, ఆమే ఉస్తాద్ కావాలి. ముత్యమ్మ చున్నీ నడుముకు చుట్టి వ్యాను కింద దూరింది. ఇంజనుకు గాలి కొట్టే ఫ్యాన్‌ను తిప్పే బెల్టు విప్పి బిగించడం మొదటి పాఠం. మొదటిసారి గంటన్నర పట్టింది. రెండోసారి గంట. గ్రీజు ముక్కుకు అంటుకుంటే చెప్పకుండా ఊరుకోవడం లింగానికి ఆ రోజుల్లో దొరికిన పెద్ద సంతోషం.

"నాలుగు గంటల సంది ముక్కు మీద గ్రీజున్నది. ఒక్క మాట చెప్పవా?" అనేది ఆమె, సాయంత్రం అద్దంలో చూసుకొని.

"మేకప్ అనుకున్న మేడమ్."

ఒకనాడు కార్బొరేటర్ కడుగుతూ అడిగాడు. "ఒక్కరే ఎందుకు మేడమ్? దోస్తులను ఎవర్నన్న తోల్కపోవచ్చు గద."

ఆమె చేతిలోని బ్రష్షు ఆపింది. "బస్సుల కండక్టర్ నన్ను ఏడికి అంటే నాయిన చెప్తడు. సంబంధపోళ్ళు నన్ను ఏం చదివినవంటే మేనత్త చెప్తది. రేపు పెండ్లైతే ఇంకొకరు చెప్తరు. ఒక్క నలభై రోజులు, ఎవరు ఏమడిగినా నేనే జవాబు చెప్పాలె. గంతే."

ఆ మాటతో లింగానికి ఆమె మీద ప్రేమ కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. అది చాయ్ చొక్కా మీద పడినప్పుడే కలిగింది. ఇప్పుడు దానికి గౌరవం కూడా తోడైంది. ఒకటైతే మనిషి ఎట్లాగో తట్టుకుంటాడు. రెండూ కలిస్తే ఆకలి వేయదు.

ఇంకో చిక్కు ఉంది. జర్మనీ బండి కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉంది. ముందు లారీ పోతుంటే, దాన్ని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కుడి సీటులో కూర్చున్న మనిషి చెప్పాలి.

"అందుకే పక్కన ఒక మనిషి ఉండాలె మేడమ్," అన్నాడు లింగం, తనకేమీ సంబంధం లేనట్టు ఆకాశం వైపు చూస్తూ.

"అట్లనా? మనిషిని ఏడ దొరకబట్టాలె?"

"యాడనో ఒక కాడ దొరుకుతడు."

"మంచిగ వెతుకు. నా దిక్కు వద్దు, పాత సామాన్ల దిక్కు వెతుకు."

సెప్టెంబరు వచ్చేసరికి వ్యాను గుర్రంలా నిలబడింది. లింగం గుండెలో మాత్రం రాయి పడింది. ఆ ఆదివారం ఆమె తాళపు చెవి అడిగితే తల గోక్కున్నాడు. "బేరింగ్ చప్పుడొస్తున్నది మేడమ్. ఇంకో రెండు వారాలు."

"ఏ బేరింగ్?"

"ఎనకది."

"ఎనకది మొన్న కొత్తది ఏసింది నేనే గద."

"అయితే... ముందరిది."

ముత్యమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని అతన్ని ఎగాదిగా చూసింది. "ఉస్తాద్, బండి ఖరాబైందా, నువ్వు ఖరాబైనవా?"

లింగం సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోయినవాడు ఆ వారమంతా కూర్చొని ఒక మంచి పని చేశాడు. పాత సామాన్ల కుప్పలోంచి లారీ అద్దం తీసి, వ్యాను కుడి మూలకు కమ్మీ వేసి, ఎదురు రోడ్డు ఎడమ సీటులోకి కనబడేలా వంచి బిగించాడు. పక్కన మనిషి అక్కర లేకుండా చేసే అద్దం. తన సీటును తన చేత్తోనే తీసేసుకున్నట్టయింది.

ముత్యమ్మ సీటులో కూర్చొని ఆ అద్దంలోకి చాలాసేపు చూసింది. "వెతికినవు గద," అంది చివరికి. వెక్కిరింత ఈసారి పావు వంతే ఉంది.

*

ఇప్పుడు ఒక మాట గురించి చెప్పాలి. ఈ ప్రాంతంలో నడిపే బండినీ తోల్కపోతారు, వెంటబెట్టుకుపోయే మనిషినీ తోల్కపోతారు. పిల్లవాణ్ణి బడికి తోల్కపోతారు, పెండ్లయ్యాక కోడలిని తోల్కపోతారు, కొడుకులు లేనివాళ్ళు అల్లుణ్ణి ఇల్లరికం తోల్కపోతారు. మాట ఒక్కటే. ఎవరిని, దేనిని అన్నది పక్కన నిలబడ్డవాడు చూసుకోవాలి.

లింగం తల్లి నర్సింహమ్మ చిట్కుల్ నుంచి ఆదివారం ఆదివారం కొడుక్కు సద్ది తెచ్చేది. భర్త పోయాక ఉన్నది ఆ ఒక్క కొడుకే. ఆ రోజు ఆమె షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మనుషులు కనబడలేదు. వ్యాను కింది నుంచి మాటలు మాత్రం వినబడ్డాయి.

"దసరా తెల్లారి నేనే తోల్కపోత. నాయిన ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకున్నా సరే."

"తోల్కపోండి మేడమ్. నా దిక్కుకెల్లి అంత తయ్యార్."

"మల్ల నడుమల మొరాయించుడు గిట్ల ఉంటదా?"

"ఏం ఉండది. ఇగ ఎటు తిప్పితే అటే."

నర్సింహమ్మ సద్ది గిన్నె బెంచీ మీద పెట్టింది. ఎటు తిప్పితే అటే! పాతికేళ్ళు పెంచిన కొడుకు! ఇంకో మాట వినకుండా చౌరస్తాకు నడిచి, జిన్నారం బస్సెక్కింది.

ఇదంతా లింగానికి మర్నాడు తెలిసింది. ముత్యమ్మ బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"నిన్న బండి మొదటిసారి నేనే తోలుకుంట ఇంటికి పోయిన. ఎంత ఖుషీగ పోయిన్నో తెలుసా? పోయేవరకు మీ అమ్మ మా వాకిట్ల నిలబడి మొత్తుకుంటున్నది. 'ఒక్క కొడుకును ఇల్లరికం గుంజుకపోతరా? దసరా తెల్లారే ముహూర్తమట గద!' అని. ఊరంత ఇన్నది. ఒక్కదాన్నే అని నేను అబద్ధం చెప్పిన్నని నాయిన తాళపు చెవి తీసి మొలతాడుకు కట్టుకున్నడు."

"మేడమ్, నాకు తెల్వది..."

"నన్ను ఆపాలనుకుంటే నాకు చెప్పాల్సింది. బేరింగ్ అంటివి, నవ్విన. ఇప్పుడు మీ అమ్మను తోలినవు. గిది నవ్వేటిది గాదు, లింగం."

'ఉస్తాద్' అనలేదు. లింగం అన్నది. అతనికి అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇంటికి వెళ్ళి తల్లిని అడిగాడు. నర్సింహమ్మ విన్నది విన్నట్టు అప్పజెప్పింది.

"అవ్వా! అది బండి ముచ్చట! బండిని తోల్కపోతదంట!"

"బండినా?" నర్సింహమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మరి మొరాయించుడు?"

"బండే!"

"ఎటు తిప్పితే అటు?"

"బండే అవ్వా!"

నర్సింహమ్మ నోటి మీది చెయ్యి తీసి, "అయితే నిన్ను ఎవ్వరు తోల్కపోతలేరా?" అంది. ఆ గొంతులో ఈసారి కొంచెం నిరాశ ఉంది.

*

తెల్లవారి తల్లీకొడుకులు జిన్నారం వెళ్ళారు. ఎల్లయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మొలతాడుకు తాళపు చెవి మెరుస్తోంది. వాకిట్లో వ్యాను నిలబడి ఉంది. ముత్యమ్మ గుమ్మానికి ఆనుకొని, లింగాన్ని తప్ప అన్నిటినీ చూస్తోంది.

నర్సింహమ్మ రెండు చేతులూ జోడించింది. "తప్పు నాదే పటేలా. వాళ్ళు బండిని అన్నరు, నేను పిలగాన్ని అనుకున్న."

ఎల్లయ్య లింగం వైపు తిరిగాడు. "అయితే నువ్వు ఎంట పోతలేవు?"

"లేదు కాకా. పిలిచినా పోను."

"పిలిచిందెవరు?" అంది గుమ్మం దగ్గరి గొంతు.

ఎల్లయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే. మరి గా కొండల నడుమ బెల్టు తెగితే ఏం జేస్తది? నువ్వే చెప్పు."

జవాబు లింగం నాలుక చివరిదాకా వచ్చింది. బెల్టు గురించి అతనికి తెలిసినంత ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఎవరికీ తెలియదు. కానీ కార్బొరేటర్ కడిగిన నాటి మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"నన్నడుగుడేంది కాకా? పోయేది ఆమె. ఆమెనే అడుగు."

గుమ్మం దగ్గర ముత్యమ్మ అప్పుడు మొదటిసారి లింగం వైపు చూసింది.

ఎల్లయ్య అలవాటు లేని పని చేస్తున్నట్టు మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. తెగితే?"

"కొత్తది ఏస్త. రెండు పెట్టుకున్న."

"పొద్దుగూకితే?"

"పెట్రోల్ బంకుల ఆపుత. పొద్దుగూకినంక తోల."

"భయమైతే?"

ముత్యమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "అయితది నాయినా. అయితే ఫోన్ చేస్త. గని ఎన్కకు మర్ల."

ఎల్లయ్య ఆమెను అట్లాగే చూశాడు. ఇరవై ఐదేళ్ళుగా ఆమె తరఫున తానే చెప్పిన జవాబులన్నీ లెక్క వేసుకుంటున్నాడేమో. తరువాత మొలతాడు ముడి విప్పి తాళపు చెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంకొక్కటి," అన్నాడు లింగంతో. "మా పిల్ల మీద నీకు మనసున్నదా?"

లింగం చెవులు ఎర్రబడ్డాయి.

"ఉన్నది కాకా. శాన ఉన్నది. గని గది నా ముచ్చట. తాళపు చెవికి దానికి సంబంధం లేదు."

ముత్యమ్మ వ్యాను దగ్గరికి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని చున్నీతో తుడవడం మొదలుపెట్టింది.

దసరా తెల్లారి వ్యాను ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక్క నిమిషం ఆగింది. ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. "పోయొస్త, ఉస్తాద్. నువ్వేమన్న అడుగుతవా?"

"అడగ మేడమ్."

"అందుకే వచ్చినంక చెప్త."

*

ప్రతి ఆదివారం పది గంటలకు షెడ్డు పక్కన సంగప్ప ఎస్టీడీ బూతుకు ఫోన్ రావాలని ఒప్పందం. లింగం తొమ్మిదింటికే అక్కడ కూర్చొని, ఇంకెవరైనా ఫోన్ ముట్టుకుంటే మింగేసేలా చూసేవాడు.

"నాగ్‌పూర్ దాటిన," అంది మొదటి వారం. "లారీలోళ్ళు జడుసుకుంటున్నరు ఉస్తాద్. కుడి సీట్ల మనిషి లేడు, బండి మాత్రం పోతున్నది అని. ఒకాయన దండం పెట్టిండు!"

రెండో వారం బనారస్. మూడో వారం పోఖరా. గొంతు దూరంగా, గాలిలో తేలుతూ వచ్చింది.

"ఘాట్ రోడ్డు మీద బెల్టు తెగింది."

లింగం లేచి నిలబడ్డాడు. "మరి?"

"ఏసిన. ఇరవై నిమిషాలు."

"నేను పన్నెండుల ఏస్త."

"ఎదురుంగ మంచుకొండ జూసుకుంట ఏసి చెప్పు, అప్పుడు తెలుస్తది." ఆమె నవ్వింది. తరువాత నవ్వు ఆగింది. "బార్డర్ కాడ సాబ్ అడిగిండు, ఎవరెవరు ఉన్నరు అని. నేనొక్కదాన్నే అన్న. ఎంత మంచిగనిపించిందో! గని... ఇయ్యాల పొద్దుగాల కొండంత గులాబి రంగుకొచ్చింది. లేవంగనే 'సూడు' అన్న. పక్కన ఎవ్వరు లేరు."

"ఎవరితోని అన్నరు మేడమ్?"

"లైన్ సరిగ లేదు, పెట్టేస్తున్న."

లైన్ బాగానే ఉందని సంగప్ప ఆ తరువాత నలుగురికి చెప్పాడు.

నాలుగో ఆదివారం ఫోన్ రాలేదు. ఐదో ఆదివారం కూడా రాలేదు. ఎల్లయ్యకు మాత్రం రెండుసార్లు వచ్చిందట, క్షేమంగా ఉందట. తనకే రాలేదు. లింగం ఒక ట్యాంకర్‌కు బిగించిన చక్రాన్నే మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాడు.

ఆరో ఆదివారం తుఫాను ముసురు. నర్సింహమ్మ సద్ది తెచ్చింది. లింగం గిన్నె మూత తీయబోతూ ఆగాడు. దూరం నుంచి ఒక చప్పుడు. వెనక ఇంజను, గాలికి చల్లబడే చప్పుడు. వందల లారీల మధ్య కూడా అది అతనికి తెలుస్తుంది.

వ్యాను వచ్చి బెంచీకి జానెడు దూరంలో ఆగింది. నిండా ఎర్రటి దుమ్ము, వానకు చారలు కట్టి ఉంది. లింగం అలవాటు కొద్దీ ఇంజను దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాడు.

"చప్పుడు మంచిగనే ఉన్నది. ఏం రిపేర్ లేదు. మరెందుకొచ్చినవ్?" 'మేడమ్' ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. "ఫోన్ ఎందుకు చేయలే?"

"ఫోన్ల చెప్తే ముచ్చటంత అయిపోతదని." ముత్యమ్మ కిటికీలోంచే మాట్లాడుతోంది. ఎండకు నల్లబడింది. కళ్ళు మాత్రం ఇంకా వెక్కిరిస్తూనే ఉన్నాయి. "తోల్కపోనీకొచ్చిన."

"బండి నీ తాననే ఉన్నది గద."

"బండిని గాదు, ఉస్తాద్."

వాన రేకుల మీద దబదబ కొడుతోంది. లింగానికి అది వినబడలేదు.

నర్సింహమ్మ గొంతు సవరించుకుంది. "బిడ్డా, ఈసారి సక్కగనే ఇన్ననా? బండి గాదు గద?"

"గాదత్తా."

ఆ 'అత్తా' విన్నాక నర్సింహమ్మ ఆగుతుందా? "మావోడు ఎప్పుడో తయ్యార్ బిడ్డా. వాడు..."

"అత్తా, జెర ఆగు," అంది ముత్యమ్మ మెత్తగా. "నేను ఆయనను అడుగుతున్న. ఆయననే చెప్పనియ్యి. నాయినకు ఫోన్ల చెప్పిన, ఇంటికాడ కూసున్నడు, ఏం జవాబు తెస్తనో అని."

లింగం చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుంటే చాలు, నాలుగుసార్లు తుడుచుకున్నాడు. నేరుగా వెళ్ళి, లారీల్లో క్లీనరు ఎక్కే అలవాటుతో, ఎడమ తలుపు తెరిచాడు. అక్కడ స్టీరింగు ముందు ఆమె ఉంది.

"గిది నా సీటు. నీది అటు."

అతను వానలో చుట్టూ తిరిగి వచ్చి కుడి పక్కన కూర్చున్నాడు. బండిలో కుడి పక్కన కూర్చొని, ముందు స్టీరింగు లేకుండా ఉండడం అతనికి అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. నర్సింహమ్మ సద్ది గిన్నెతో సహా వెనక మడత మంచం మీద చేరి, పరదా పట్టి చూసి, "మంచిగనే ఉన్నది," అంది.

"గా అద్దం మడిచెయ్యి," అంది ముత్యమ్మ గేరు వేస్తూ. "నువ్వున్నవ్ గద. ముందల ఏమొస్తున్నదో నువ్వే చెప్పు."

లింగం కిటికీలోంచి చెయ్యి చాపి, తాను బిగించిన అద్దాన్ని తానే మడిచాడు. తల బయట పెట్టి, వానలో రోడ్డు పొడుగునా చూశాడు. ఒక ట్యాంకర్ వచ్చి దాటిపోయింది. తరువాత ఇంకేమీ లేదు.

"ఖాళీ ఉన్నది ముత్యం," అన్నాడు. "తోల్కపో."